తొక్కినా చావని తుంగ

ఎవరైనా మాట తప్పితే ‘మాటను తుంగలో తొక్కాడు’ అంటాం. అలా అనేవాళ్ళలో తుంగని చూసి గుర్తుపట్టేవాళ్ళు మన హాస్టల్లో ఎంతమంది? వాన పడిన కొద్ది రోజులకే మన కాలేజీ గ్రౌండులో మూడు పలకల కాడతో లేచేది అదే. సికింద్రాబాద్ మూలికల కొట్లలో తుంగముస్తలు అని అమ్మేది దాని దుంపలే. కొట్లో దానికి రేటుంది. సిద్దిపేట దగ్గర మా చెల్కలో మాత్రం దాన్ని వదిలించుకోడానికే ఏటా ఖర్చు.

1977లో లెరాయ్ హోల్మ్ బృందం ప్రపంచంలోని చెడ్డ కలుపుల మీద వేసిన పుస్తకంలో తుంగదే మొదటి స్థానం. ఎందుకో తవ్వి చూస్తే తెలుస్తుంది. మట్టిలో దుంపకీ దుంపకీ మధ్య సన్నటి వేరులాంటి కాడ, గొలుసులాగా ఉంటుంది. గొలుసు కలిసున్నంతసేపు ముందు మొలిచిన దుంప మిగతావాటిని అణచి ఉంచుతుంది. తెగిందా, దేనికదే మొలుస్తుంది. అందుకే విత్తే ముందు రోటవేటర్ వేస్తే చేను శుభ్రంగా కనిపిస్తుంది గానీ, పది పదిహేను రోజులకి తుంగ ఇంకా ఒత్తుగా వస్తుంది. మన భాషలో చెప్పాలంటే, ఒక్కచోట దెబ్బ కొడితే పడిపోయే సిస్టమ్ కాదిది.

గ్లైఫోసేట్ పచ్చటి ఆకు మీద పడితే దుంప దాకా దిగుతుంది. మా నాయిన దాన్ని ‘గడ్డి మందు’ అంటాడు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని బహుశా క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు. 2022 అక్టోబరులో మన కేంద్ర ప్రభుత్వం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదంది. మా ఊళ్ళో అలాంటి ఆపరేటర్ లేడు. మూతికి తువ్వాల కట్టుకుని వీపుకి పంపు తగిలించుకునేది నాయినే.

“ఈసారి మందు వద్దు నాయినా” అన్నాను.

“మరి కూలోళ్ళ పైసలు నువ్విస్తవా?” అన్నాడు.

మందు లేని రోజుల నుంచీ ఉన్న దారి ఎండ. ఏప్రిల్‌లో రెక్క నాగలితో లోతుగా దున్ని, పెళ్ళలు పగలగొట్టకుండా వదిలేయాలి. పైకి తేలిన దుంపలు రోహిణి కార్తె ఎండకి వట్టిపోతాయి. తొలకరికి మిగిలినవి మొలిచాక గుంటుక తోలి, అప్పుడు విత్తాలి. తుంగకి నీడ పడదు కాబట్టి జనుము ఒత్తుగా చల్లినా కొంత అణుగుతుంది. కానీ ఇవేవీ ఒక్క ఏడాదిలో తేలేవి కావు. పైగా మొలిచేదాకా ఆగితే విత్తడం ఆలస్యమవుతుంది. వాన నమ్ముకున్న పత్తికి ఆ వారం విలువేమిటో నాయినకి తెలుసు.

పోయిన వేసవిలో ఒక్క ఎకరానికి ఒప్పుకున్నాడు. తుంగ పోలేదు, పలచబడింది. ఆ ఎకరంలో కలుపు తీయడానికి కూలీలు తక్కువ పట్టారు. ఈసారి రెండెకరాలంట. మిగతా మూడెకరాలకీ ఇంకా పంపు ఆయన వీపు మీదే.