ఛత్తా బజారు అక్షరాలు, బొమ్మల ఫైళ్ళు

చార్మినారు ఛాయాచిత్రానికీ, ఛత్తా బజారు శుభలేఖ మీది ఉర్దూ అక్షరానికీ ఒకే రకం ఫైలు పనికిరాదు. పాతబస్తీని అంతర్జాలంలో చూపదలచిన వారికి తప్పని చిక్కు ఇది. చూడ్డానికి చిన్నదే గాని, ఒక లిపి మర్యాద దీనితో ముడిపడి ఉంది.

1591 నాటి కట్టడపు గచ్చు పనితనం, సాయంత్రపు నీరెండ, లాడ్ బజారు గాజుల తళుకు, వీటిలో ఒక రంగు మరొక రంగులోకి మెల్లగా కరుగుతుంది. ఇటువంటి దృశ్యాలకు 1992లో ప్రమాణమైన జేపెగ్ చక్కగా అమరుతుంది. అది బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడులుగా విభజించి, కంటికి ఆనని సూక్ష్మభేదాలను వదిలేస్తుంది. అందుకే ఫైలు తేలికవుతుంది. అయితే వదిలినది తిరిగి రాదు.

కాతిబు కలం నుండి జారిన నస్తాలీఖు అక్షరం సంగతి వేరు. తెల్లని కాగితం, నల్లని సిరా, నడుమ పదునైన అంచు. జేపెగ్‌ను గట్టిగా కుదిస్తే ఆ అంచు చుట్టూ ఈగలు ముసిరినట్టు మరకలు కనబడతాయి. ఉర్దూలో ఒక చుక్క ఉంటే ‘బే’, మూడుంటే ‘పే’. చుక్కలు అలుక్కుపోతే మాటే మారిపోతుంది.

1987 నాటి జిఫ్ 256 రంగులకు మించదు. దాని కుదింపు పద్ధతిపై రేగిన పేటెంటు వివాదం నుండి పుట్టిన పీఎన్‌జీ 1996లో ప్రమాణమైంది. అది ఒక్క చుక్కనూ పోగొట్టదు. 2001లో వచ్చిన ఎస్‌వీజీ గీతలను లెక్కలుగా దాస్తుంది కనుక ఎంత పెంచినా పదును తగ్గదు. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీలో నష్టంతోనూ, నష్టం లేకుండానూ కుదించవచ్చు.

అయినా ఏ ఫైలూ తీర్చలేని లోటొకటుంది. నస్తాలీఖుకు తగిన యూనికోడు ఫాంటులు అరుదైన రోజుల్లో పలు ఉర్దూ పత్రికలు పుటలకు పుటలను బొమ్మలుగానే పెట్టాయి. లిపి అందం నిలిచింది గాని, వెదికితే ఒక్క మాటా దొరికేది కాదు. చదివి వినిపించే సాఫ్ట్‌వేరుపై ఆధారపడే అంధపాఠకునికి ఆ పుట ఖాళీ కాగితమే. యూనికోడుకు ముందు పత్రికకొక ఫాంటుతో అవస్థపడ్డ తెలుగువాళ్ళకు ఇది పరాయి బాధ కాదు.

కనుక నా పద్ధతి ఇది: చేతిరాతకు పీఎన్‌జీ, దాని కిందనే అదే మాట యూనికోడులో. కంప్యూటరు వచ్చాక కాతిబుల పని తగ్గిపోయింది. శుభలేఖ పెళ్ళి మర్నాడే అటకెక్కుతుంది. ఆ రాతకు రేపు మిగిలేది మన ఫైలొక్కటే కావచ్చు. కాసిని కిలోబైట్లు మిగులుతాయని దాని చుక్కలు చెరపడానికి నాకు మనసొప్పదు.