ఎడిసన్ ఊళ్ళో గోధుమ లేని బన్నులు

చెల్లెలు పిలవగా పిలవగా 2023 నవంబరులో అమెరికా వెళ్ళాను. న్యూజెర్సీలో వాళ్ళుండే ఊరి పేరు ఎడిసన్. బల్బు అనగానే మనకి గుర్తొచ్చే థామస్ ఎడిసన్ ప్రయోగశాల ఇక్కడి మెన్లోపార్కులోనే ఉండేది. ఆయన జ్ఞాపకార్థం కట్టి 1938లో ప్రారంభించిన స్తంభం మీద పెద్ద బల్బు బొమ్మ ఉంటుంది. ఇక ఓక్ ట్రీ రోడ్డుకి వెళితే పరాయి దేశం వచ్చామన్న సంగతే మర్చిపోతాం. చీరల కొట్లు, మిఠాయి కొట్లు, కరివేపాకు, ఇంగువ అన్నీ దొరుకుతాయి.

ఆ ఇంగువే నా కొంప ముంచింది! చెల్లెలి కూతురికి ఎనిమిదేళ్ళు. దానికి సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే పదార్థం ఉంటుంది. అది కడుపులో పడితే ఈ జబ్బున్న వాళ్ళకి చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. జన్మంతా అవి మానెయ్యడమే వైద్యం. అన్నం తినేవాళ్ళం మనకేం కష్టం అనుకుని నేను సాంబారు పెట్టాను. రాత్రంతా పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. పొద్దున్న చెల్లెలు ఇంగువ డబ్బా తిప్పి చూపించింది. అందులో గోధుమపిండి! డబ్బా ఇంగువల్లో చాలావాటిలో కలుపుతారని నాకు తెలిస్తే ఒట్టు. "ఫరవాలేదులే పెద్దమ్మా" అంది పిల్ల. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

నవంబరు నాలుగో గురువారం అక్కడ థాంక్స్‌గివింగ్ పండగ. ఆ రోజు భోజనంలో వెన్న రాసిన మెత్తటి డిన్నర్ రోల్స్ పెడతారు. చిన్న బన్నులన్నమాట. కిందటేడు పక్కింట్లో అందరూ అవి తింటూంటే ఇది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. ఈసారి ఎలాగైనా చెయ్యాల్సిందే అనుకున్నాం.

గోధుమపిండి సాగేది, పొంగినప్పుడు గాలిని పట్టి ఉంచేది గ్లూటెన్ వల్లే. బియ్యప్పిండికి ఆ గుణం లేదు. ఆ పని చేసేది ఏమిటనుకున్నారు? మన పెద్దవాళ్ళు మలబద్ధకానికి వేసుకునే ఇసబ్‌గోల్ పొట్టు! మొదటిసారి చపాతీ పిండిలా గట్టిగా కలిపాం, రాళ్ళొచ్చాయి. రెండోసారి కుదిరింది. ఎలాగో చెబుతాను, రాసుకోండి.

మెత్తటి బియ్యప్పిండి ఒకటిన్నర కప్పులు, సగ్గుబియ్యప్పిండి 1 కప్పు, ఇసబ్‌గోల్ 3 టేబుల్ స్పూన్లు, ఈస్టు 2 టీస్పూన్లు, పంచదార 2 టేబుల్ స్పూన్లు, ఉప్పు 1 టీస్పూను, వెనిగర్ 1 టీస్పూను, గుడ్డు 1, కరిగించిన వెన్న 3 టేబుల్ స్పూన్లు, గోరువెచ్చని పాలు ఒకంబావు కప్పు.

పాలల్లో పంచదార, ఈస్టు వేసి నురగ వచ్చేదాకా ఉంచండి. ఇసబ్‌గోల్ కలిపి 5 నిమిషాలాగితే జిగురుగా చిక్కబడుతుంది. మిగతావన్నీ వేసి గిలక్కొట్టండి. గారెల పిండి కన్నా కాస్త గట్టిగా, చేతికంటుకునేలా ఉండాలి. భయపడి పిండి చల్లకండి. చేతులు తడి చేసుకుని 9 ఉండలు చేసి, వెన్న రాసిన పళ్ళెంలో ఒకదానికొకటి ఆనేలా సర్దండి. వెచ్చని చోట 45 నిమిషాలు మూతపెట్టి ఉంచి, 190 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఓవెన్‌లో 25 నిమిషాలు కాల్చండి. తీయగానే పైన వెన్న రాయండి. పూర్తిగా చల్లారాకే తుంచాలి, లేకపోతే లోపల బంకబంకగా ఉంటుంది.

ఈ జబ్బున్న వాళ్ళకి వండేటప్పుడు జల్లెడ, అప్పడాల కర్ర, పళ్ళేలు వేరే ఉంచాలి. గోధుమపిండి అంటినవి పనికిరావు. అక్కడ గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే పదిలక్షల పాళ్ళలో 20 కన్నా తక్కువే ఉండాలని 2013లో నియమం పెట్టారు. మీ పిల్లలకి తరచూ కడుపునొప్పి, విరేచనాలు, రక్తహీనత ఉండి ఎదుగుదల లేకపోతే డాక్టరుకి చూపించండి. పరీక్షకి ముందే గోధుమ మాన్పించకండి, జబ్బు బయటపడకపోవచ్చు.

పండగనాడు ఆ పళ్ళేన్ని పిల్లే మోసుకెళ్ళి పక్కింటి బల్ల మీద పెట్టింది. అందరికీ తలొకటి పంచి, చివరి బన్ను తను తీసుకుంది. నేనిప్పుడు ఇంగువ కూడా చీటీ చదివాకే కొంటున్నాను. మీరూ ఓసారి మీ డబ్బా తిప్పి చూడండి.