ఈత రాని వారికి దీవుల యాత్ర



దీవుల యాత్ర అనగానే చాలామంది మనసులో ఒకే బొమ్మ మెదులుతుంది. నల్లని రబ్బరు దుస్తులు తొడుక్కుని, వీపున గాలి సిలిండరు కట్టుకుని, సముద్రం అడుగున చేపల మధ్య తిరిగే యువకుల బొమ్మ అది. దానిని చూసి ‘ఇది మన వయసుకూ మన వంటికీ తగిన ప్రయాణం కాదు’ అని పెద్దవాళ్లు ముందే పక్కకు తప్పుకుంటారు. పిల్లలు మాత్రం వెళ్లి వస్తారు, ఫోటోలు చూపిస్తారు. సముద్రం అంతటితో వారి వంతుకు సరి.

నూజెండ్ల, వినుకొండ ప్రాంతానికి చెందిన మూడు కుటుంబాల వాళ్లం, మొత్తం తొమ్మిది మందిమి, అండమాన్ దీవులకు వెళ్లి వచ్చాం. మాది మిరప, పత్తి పండించే నేల. నీరంటే మాకు చెరువు, బోరు, సాగర్ కాలువ. మాలో ఇద్దరికి చిన్ననాటి బావి ఈత వచ్చు, మిగతావారికి అదీ రాదు. మోకాళ్ల నొప్పులతో డెబ్బై ఎనిమిదేళ్ల నాయనమ్మ ఉంది. ఉబ్బసం ఉన్న బాబాయి, చక్కెర వ్యాధి ఉన్న పిన్ని, పదేళ్లు నిండని ఇద్దరు పిల్లలు ఉన్నారు. సిలిండరుతో నీటి అడుగుకు దిగడానికి ఉబ్బసం, గుండెజబ్బు, చెవి జబ్బు ఉన్నవారు వైద్యుని అనుమతి తెచ్చుకోవాలి. పదేళ్లలోపు పిల్లలను అసలు దింపరు. దిగినవారు కూడా ఆ తరువాత దాదాపు ఒక రోజంతా ఆగకుండా విమానం ఎక్కకూడదు. ఇవన్నీ తెలుసుకున్నాక ఆ ముచ్చట పక్కన పెట్టి, మిగిలిన సముద్రాన్ని ఎలా చూడాలా అని ఆలోచించాం.

ఆ ఆలోచనలో ఉండగానే నాయనమ్మ, “మీరు పోయి రండి నాయనా, నేను సామాన్ల కాడ కూచుంటాలే” అన్నది. ఆమె ఏ ఊరు వెళ్లినా అదే పని చేసింది. పిల్లలు కొండ ఎక్కితే కింద చెప్పులకు కాపలా, జాతరకు వెళితే బండి దగ్గర కాపలా. అందుకని కాగితం మీద మొదటి నియమంగా ఇది రాసుకున్నాం: ఈ ప్రయాణంలో ఎవరూ ఒడ్డున సామాన్లకు కాపలా కూర్చోకూడదు. ఆమె చేరగల చోటికే మనమందరం వెళ్లాలి. మిగిలిన లెక్కలన్నీ ఈ నియమం నుండే వచ్చాయి.

ఎప్పుడు, ఏ దారిన?

అండమాన్‌లో వానలు ఎక్కువ. మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాలు, ఆ తరువాత కొంతకాలం ఈశాన్య ఋతుపవనాలు. అప్పుడు సముద్రం అలజడిగా ఉండి పడవలు ఆగిపోతుంటాయి. జనవరి మొదలు ఏప్రిల్ వరకు నీరు కొంత నెమ్మదిగా, తేటగా ఉంటుంది. బడిపిల్లలున్న మా వంటివారికి సంక్రాంతి సెలవులు బాగా కుదిరాయి.

చెన్నై నుండి అండమాన్ రాజధానికి సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. విశాఖ నుండీ ఇంచుమించు అంతే. ఓడలో వెళితే రెండున్నర మూడు రోజులు పడుతుంది. విమానంలో రెండు గంటల పైచిలుకు. పెద్దవారు ఉన్నారు గనుక మేము రైలులో చెన్నై చేరి, అక్కడినుండి విమానం ఎక్కాం. మనం పోర్ట్‌బ్లెయిర్ అని పిలిచిన ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ షహీద్ ద్వీప్‌గా, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా మారాయి. టికెట్ల మీద ఒక పేరు, మనుషుల నోట మరో పేరు వినిపిస్తాయి గనుక రెండూ రాసుకుని వెళ్లడం మంచిది.

మరో మాట. ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. పొలం పనికి లేచినట్టు తెల్లవారుజామునే లేచి మధ్యాహ్నంలోగా తిరుగుడు ముగించుకుంటే, పెద్దలకు ఎండా తగలదు, చీకట్లో తడుములాటా ఉండదు.

ఎన్ని దీవులు?

అండమాన్ నికోబార్‌లలో చిన్నా పెద్దా కలిపి ఎనిమిది వందలకు పైగా దీవులు, రాతి తిప్పలు ఉన్నాయి. మనుషులు నివసించేవి కొన్ని పదులే. నికోబార్ వైపు పర్యాటకులను పంపరు. ప్రయాణాల సంస్థలు ఐదు రోజుల్లో ఆరేడు చోట్లు చూపిస్తామంటాయి. కానీ ఒక్కో దీవి మారడమంటే సామాను సర్దడం, జెట్టీకి గంట ముందు చేరడం, వరుసలో నిలబడడం, పడవ ఎక్కి దిగడం. కుర్రవాళ్లకు అది ఆట, మోకాళ్ల నొప్పులున్నవారికి అది శిక్ష. అందుకే ఆరు రాత్రులకు రాత్రి బస మూడు చోట్లే పెట్టుకున్నాం: మొదట రాజధానిలో ఒక రాత్రి, హేవ్‌లాక్‌లో రెండు, నీల్‌లో ఒకటి, తిరిగి రాజధానిలో రెండు.

చివరి రెండు రాత్రులు ఊరికే పెట్టుకున్నవి కావు. గాలి లేస్తే పడవలు రద్దవుతాయి. విమానం ఉన్న రోజు ఉదయమే నీల్ నుండి బయలుదేరవచ్చులే అనుకుంటే, పడవతోపాటు విమానం టికెట్టు కూడా పోవచ్చు. నడుమ ఒక రోజు ఖాళీగా ఉంటే ఆ భయం ఉండదు.

రాజధాని నుండి హేవ్‌లాక్‌కు వేగంగా వెళ్లే పడవలో గంటన్నర రెండు గంటలు, అక్కడినుండి నీల్‌కు సుమారు గంట ప్రయాణం. గుర్తింపు కార్డులు అందరివీ చేతిలో ఉండాలి. వాంతుల భయం ఉన్నవారు పడవ మధ్య భాగంలో, కింది అంతస్తులో కూర్చుంటే ఊగుడు తక్కువ. కడుపు ఖాళీగా ఉంచకుండా, అలాగని నిండా తినకుండా, దూరాన కనిపించే గీత వైపు చూస్తూ కూర్చోవాలి. మాత్ర వేసుకోదలచినవారు ముందే తమ వైద్యుని అడిగి, పడవ ఎక్కడానికి కాస్త ముందుగా వేసుకోవాలి.

నీటిలో మునగకుండా చూసేవి

నీల్ దీవిలో జెట్టీ పక్కనే భరత్‌పూర్ ఒడ్డు ఉంది. నాయనమ్మ ఎక్కువ దూరం నడవనవసరం లేకపోయింది. అక్కడ అడుగున అద్దం బిగించిన పడవలు తిప్పుతారు. పొద్దు బాగా పైకెక్కాక, నీరు తేటగా ఉన్నప్పుడు ఎక్కితే, కాళ్ల కింద పగడపు దిబ్బలు, వాటి సందుల్లో పసుపు, నీలం రంగుల చేపలు కనిపిస్తాయి. పగడాలన్నీ ఎర్రగా మెరుస్తాయనుకుంటే పొరపాటు. చాలావరకు గోధుమ, బూడిద రంగులే. సముద్రం వేడెక్కడం వల్ల 1998లోను, 2010లోను ఇక్కడి పగడాలు ఎన్నో తెల్లబారి చచ్చిపోయాయి. పగడం చెట్టూ కాదు, రాయీ కాదు. లెక్కలేనన్ని చిన్న ప్రాణులు కట్టుకున్న ఇల్లు. అందుకే దాని మీద కాలు పెట్టకూడదు, ఒడ్డున పడి ఉన్న ముక్కనైనా సంచిలో వేసుకోకూడదు. పగడాలను తేవడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, విమానాశ్రయంలో సంచులు వెతుకుతారు.

అదే దీవిలో లక్ష్మణ్‌పూర్ ఒడ్డున రాతిలో సహజంగా ఏర్పడిన వంతెన ఉంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే దాని దగ్గరకు వెళ్లగలం. రాళ్లు జారుతాయి గనుక మేము దానిని మా జాబితాలో రాయలేదు. ఆ వేళలో అందరం సీతాపూర్ ఒడ్డున సూర్యోదయం చూశాం. ఆటుపోట్ల వేళలు బస చేసిన చోట ముందురోజే అడిగి తెలుసుకోవాలి.

హేవ్‌లాక్‌లో రాధానగర్ ఒడ్డు పేరుపొందినది. 2004లో టైమ్ పత్రిక దానిని ఆసియాలోకెల్లా మంచి ఒడ్డుగా పేర్కొన్నది. బండి దాదాపు ఇసుక దాకా వెళుతుంది. చెట్ల నీడలో కూర్చుని, మోకాటి లోతు నీటిలో నిలబడి సాయంత్రం గడపవచ్చు. నాయనమ్మ చెరో చేయి పట్టుకుంటే నీటిలోకి దిగి, అల తగిలినప్పుడల్లా చిన్నపిల్లలా నవ్వింది. ఆనాడు చెప్పుల దగ్గర ఎవరూ లేరు.

ముఖానికి అద్దం, నోటికి గొట్టం పెట్టుకుని నీటి పైన తేలుతూ చూసే పద్ధతి కూడా ఉంది. దీనికి ఈత రానవసరం లేదు. లైఫ్ జాకెట్ వేసి, రబ్బరు చక్రం ఇచ్చి, మనిషి వెంట ఉండి లాగుతాడు. మాలో ఇద్దరు హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో అలా చూశారు. మిగతావారం ఒడ్డున నీడలో ఉండి, వారు వచ్చాక అద్దాల పడవ ఎక్కాం.

రాజధానిలో సెల్యులార్ జైలు చూడనిదే ఈ యాత్ర పూర్తి కాదు. 1896లో మొదలై 1906లో ముగిసిన కట్టడమది. చక్రం ఆకుల్లా ఉండిన ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిలో కొందరిని కూడా ఈ దీవులకే పంపారు. ఈత రాని మనవాళ్లకు చుట్టూ సముద్రమే గోడ అయింది. దగ్గరలోని రాస్ దీవి 1941 భూకంపం దాకా బ్రిటిషు వారి పాలనా కేంద్రం. ఇప్పుడు వారి బంగళాలు, చర్చి మొండిగోడలై నిలిచాయి. మర్రిజాతి చెట్ల వేళ్లు ఆ గోడలను చుట్టుకుని ఉన్నాయి. ఎక్కుడు దారే గాని, నడవలేనివారికి బ్యాటరీ బండ్లు ఉంటాయి. ఎదుట కనిపించే నార్త్ బే దీపస్తంభాన్ని పాత ఇరవై రూపాయల నోటు వెనుక చూసే ఉంటారు. ఆ నోటు ఒకటి పిల్లల చేతికిచ్చి పోల్చమంటే వారికి మంచి ఆట.

పడవ ఎక్కే ముందు

ఈ భాగం ఇంటి పెద్దలు రెండుసార్లు చదవాలని మా మనవి. 2014 జనవరి 26న రాస్ దీవి నుండి బయలుదేరిన పర్యాటకుల పడవ మునిగి ఇరవై మందికి పైగా మరణించారు. అది పట్టవలసిన దానికన్నా ఎక్కువ మందిని ఎక్కించుకున్నది. మన దగ్గర 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడినప్పుడు పోయినవారిలో ఎక్కువమంది ఒంగోలు వారే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరి ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో మనకు తెలుసు. ఇవన్నీ సరదాగా బయలుదేరిన ప్రయాణాలే.

కనుక పడవ ఎక్కక ముందే దానిలో ఎంతమంది పట్టాలో రాసి ఉన్న అంకె చూడండి, ఎక్కినవారిని లెక్కపెట్టండి. ఎక్కువైతే దిగిపోండి, డబ్బు పోయినా పరవాలేదు. లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకునేది కాదు, బకిళ్లన్నీ బిగించి తొడుక్కునేది. పిల్లలకు పిల్లల కొలతదే అడగండి. కొన్ని ఒడ్డుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ యువతి మొసలి పాలైంది. హెచ్చరిక పలక ఉన్నచోట కాలు తడపవద్దు.

ఒకేసారి అంత దూరం వెళ్లడానికి జంకేవారు ముందు మన పల్నాడులోనే సాధన చేయవచ్చు. మాచర్ల దగ్గర విజయపురి సౌత్ నుండి లాంచీలో నాగార్జునకొండకు వెళ్లి రావచ్చు. సాగర్ నీటి నడుమ మిగిలిన ఆ కొండ మీద 1966లో తెరిచిన ప్రదర్శనశాల ఉంది. లాంచీ ఏ రోజుల్లో నడుస్తుందో ముందే విచారించుకోవాలి. ఆ పైన బాపట్ల దగ్గర సూర్యలంకలో ఒక పూట గడిపితే, ఇంట్లో ఎవరికి నీళ్లంటే భయమో, ఎవరు ఎంతసేపు నిలబడగలరో తెలిసిపోతుంది.

అక్కడి మనుషులు

2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో వందకు పదమూడు మంది తెలుగు మాట్లాడేవారు. ఎక్కువమంది మన ఉత్తరాంధ్ర తీరం నుండి వెళ్లినవారు. జెట్టీ దగ్గర మా మాటలు విని ఒక చేపల వర్తకుడు, “ఏ ఊరు అమ్మా మనది?” అని నాయనమ్మను అడిగి కుర్చీ తెచ్చి వేశాడు.

బారాతాంగ్ సున్నపురాతి గుహలకు మేము వెళ్లలేదు. తెల్లవారక ముందే బయలుదేరవలసిన దూర ప్రయాణమది. పైగా ఆ దారి జరావా ప్రజల అడవి గుండా పోతుంది. బండ్లు బారులు తీరి కాపలాతో వెళ్లాలి. ఆపడం, వారి ఫోటోలు తీయడం నిషిద్ధం. అయినా కిటికీలో నుండి వారిని చూడాలనే ఆశతో వెళ్లేవారున్నారు. సాటి మనిషిని వింతగా చూపించే యాత్ర మన పిల్లలకు ఏ పాఠం నేర్పుతుంది?

ఇక డబ్బు సంగతి. అప్పు చేసి ఈ ప్రయాణం చేయవద్దు. మేము పద్దెనిమిది నెలలు నెలనెలా కొంత పక్కన పెట్టుకున్నాం. మిరప ధర పడిపోయిన నెలలో తక్కువ, బాగున్న నెలలో ఎక్కువ. బస, పడవ టికెట్లు ముందే తీసుకుని, దారి ఖర్చులకు కొంత నగదు ఉంచుకున్నాం. 2020లో చెన్నై నుండి సముద్రం అడుగున కేబుల్ వేశాక అక్కడ ఫోన్లు మెరుగుపడ్డాయి. అయినా చిన్న దీవుల్లో నగదు అక్కరకొస్తుంది. రోజూ వేసుకునే మందులు మాత్రం అనుకున్న రోజులకన్నా నాలుగు రోజులకు ఎక్కువే తీసుకువెళ్లండి.

మీ ఇంట్లో ఇట్టి ప్రయాణం తలపెట్టినప్పుడు, చూడవలసిన చోట్ల పేర్లకన్నా ముందు కాగితం మీద ఇంటిలోని మనుషుల పేర్లు రాయండి. అందరిలోకి తక్కువ ఓపిక ఉన్నవారి పేరు పైన ఉండాలి. ఆ ఒక్కరు వెళ్లగలిగే చోట్లు రెండే అయితే, ఆ రెండు చోట్లకే అందరూ కలిసి వెళ్లి రండి.