అమ్మ అడిగే ఒకే ప్రశ్న

2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, పొద్దున్న పెట్టిన టీవీ మా ఇంట్లో రాత్రిదాకా ఆగలేదు. కూటమికి 164, అవతలి పార్టీకి 11. అయిదేళ్ళ క్రితం 151 వచ్చినవాళ్ళకి ఇదేం గతి అని మావారు, అలాగే కావాలని మా తమ్ముడు. నేను టీలు అందిస్తూ తిరుగుతున్నాను. గోంగూర ఒలుస్తున్న అమ్మ తలెత్తి, "మందు సంగతి ఏమంటున్నార్రా?" అంది.

ఎవరూ వినిపించుకోలేదు. నాకు మాత్రం అది చాలా పాత ప్రశ్న.

మాది చీరాల దగ్గర ఓ పల్లెటూరు. నాన్న రైసు మిల్లులో గుమస్తా. సాయంత్రం ఆరింటిదాకా చాలా మంచివాడు. జీతాల రోజున అమ్మ నన్ను మిల్లు గేటు దగ్గరకి పంపేది, ఆయన జేబు ఖాళీ కాకముందే ఇంటికి తీసుకురమ్మని. పక్కనున్న నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన సంగతి మా వీధి బోరింగు దగ్గర కథలుగా చెప్పుకునేవారు. 1993లో సారా ఆపేశారు. నాన్న బ్రాందీకి మారాడు.

1994 ఎన్నికల్లో రామారావుగారు మద్యం మొత్తం ఆపేస్తామన్నారు. నాన్న చెప్పకుండా అమ్మ తనంతట తనే ఓటు వేసింది అప్పుడేనట. ఆ పార్టీకి 216 సీట్లు వచ్చాయి. ప్రమాణస్వీకారం రోజునే ఆయన ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. సంక్రాంతి వెళ్ళగానే నిషేధం వచ్చింది. దొంగసరుకు దొరకలేదని కాదు. కానీ ధర ఎక్కువ, పైగా పట్టుబడితే పరువు పోతుందని నాన్నకి భయం. ఆ ఏడాది మా ఇంటికి ప్రెషర్ కుక్కర్ వచ్చింది. తాకట్టులో ఉన్న నా చెవిపోగులూ వచ్చాయి.

ఆగస్టులో పార్టీ రెండుగా చీలింది. సెప్టెంబరు 1న చంద్రబాబుగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఎన్టీఆర్ వీరాభిమాని అయిన నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు. పార్టీ బతకాలంటే ఇదే దారి అన్న బాబాయితో నెలల తరబడి మాట్లాడలేదు. అమ్మ మాత్రం రేడియోలో వార్తలన్నీ విని, "మందు సంగతి ఏమన్నా అన్నారా?" అని అడిగింది.

1996 జనవరిలో రామారావుగారు పోయినప్పుడు నాన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆదాయం పడిపోయిందన్నారు, దొంగరవాణా ఆగడం లేదన్నారు. ఆ మాటలు అబద్ధాలూ కావు. కానీ నేను మళ్ళీ మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను. చెవిపోగులు మళ్ళీ తాకట్టుకి వెళ్ళాయి, ఈసారి తిరిగి రాలేదు. 2006లో లివర్ పాడై నాన్న పోయాడు.

"నువ్వు ఓటేసింది ఒకరికి, ఏలింది ఇంకొకరు. మోసపోయాననిపించలేదా అమ్మా?" అని ఓసారి అడిగాను.

"నేను మనిషికెక్కడ వేశానే? ఆ మాటకి వేశాను. కుర్చీలో ఎవరు కూర్చున్నా మాట నిలబడితే చాలనుకున్నాను."

"మరి నిలబడలేదుగా! ఇంకా ఎందుకు వెళ్ళి వేస్తావు?"

"మానేస్తే అడిగే నోరు కూడా పోతుంది కదే."

2019లో దశలవారీగా మద్యం ఆపేస్తామన్నప్పుడు అమ్మ మొహం వెలిగింది. షాపులు తగ్గాయి, ధరలు పెరిగాయి. మందు మాత్రం ఆగలేదు.

జూన్ 4న అమ్మ రెండోసారి అడిగేసరికి తమ్ముడు టీవీ మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు: "తక్కువ రేటుకే మంచి సరుకు ఇస్తామన్నారమ్మా."

అమ్మ మారు మాట్లాడలేదు. గోంగూర చేట తీసుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ అట్లు వేస్తున్న మా మరదలు అట్లకాడ పట్టుకుని అలాగే ఆగిపోయి నావైపు చూసింది. పెనం మీద అట్టు మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.