కంటిలో నూనె - మరిచిపోకూడని గడువు

మీ ఇంట్లో ఎవరికైనా రెటీనా ఆపరేషన్ చేసి, కంట్లో సిలికోన్ నూనె పెట్టి పంపించారా? అయితే ఈ వారం ఈ పేజీ కాస్త ఓపిగ్గా చదవండి. నేను డాక్టర్ని కాను. తెనాలిలో లెక్కలు చెప్పి రిటైరైన బడిపంతుల్ని. జీవితమంతా లెక్కలు చెప్పినవాణ్ణి, నెలల లెక్క దగ్గర తప్పాను. ఆ తప్పు వల్ల నా కుడికన్ను ఏం పోగొట్టుకుందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

చిన్నప్పటినుంచీ నావి సోడాబుడ్డి కళ్లద్దాలు. యాభై దాటాక శుక్లాలు తీసి కటకాలు అమర్చారు. 2020 చివర్లో ఒకరోజు సాయంత్రం కుడికంట్లో మెరుపులు మెరిసినట్టయింది. మర్నాటినుంచి కంటిముందు దోమలు ఎగురుతున్నట్టు నల్లచుక్కలు. పైత్యం చేసిందేమోనని నెల్లాళ్లు ఊరుకున్నాను. చివరికి ముక్కువైపు నుంచి నల్లటి తెర కమ్ముకొస్తే అప్పుడు పరిగెత్తాను.

2021 జనవరిలో హైదరాబాదులో ఆపరేషన్ అయింది. కంటి లోపలి గోడకు అంటుకుని ఉండే పల్చటి పొర రెటీనా. మనం చూసే బొమ్మ పడేది దానిమీదే. దానికి చిరుగు పడితే నీరు వెనక్కి చేరి, గోడ సున్నం పెచ్చు లేచినట్టు పొర ఊడిపోతుంది. డాక్టరుగారు కంటి లోపలి జెల్లీ తీసేసి, ముడతలు పడిన పొరను సర్ది, చిరుగు చుట్టూ లేసరుతో అతికారు. ఆ అతుకు గట్టిపడేదాకా పొరను అదిమి పట్టుకోవడానికి సిలికోన్ నూనె నింపారు. కొందరికి నూనె బదులు గ్యాసు పెడతారు. అది కొద్ది వారాల్లో తనంతట తనే పోతుంది. నూనె అలా కాదు. అది కరగదు, ఇంకదు. మళ్లీ ఆపరేషన్ చేసి తీయవలసిందే.

నూనె చెడ్డదని అనడం లేదు సుమండీ. అమెరికాలో డాక్టర్ పాల్ సిబిస్ ఈ వైద్యం గురించి 1962లోనే రాశారు. అప్పటినుంచి ఎన్నో కళ్లను అది కాపాడింది. నా కంటినీ కాపాడింది. కాకపోతే అది అతిథిలాంటిది. పని కాగానే సాగనంపాలి.

ఇంటికి వచ్చేటప్పుడు ఇచ్చిన చీటీలో రెండే మాటలున్నాయి. నెలకోసారి కంటి ప్రెషరు చూపించుకోవాలి. నాలుగు నెలలకు నూనె తీయించుకోవాలి. నాలుగు నెలలయ్యేసరికి కరోనా రెండో కెరటం వచ్చిపడింది. అప్పుడు వెళ్లకపోవడానికి కారణం ఉందనుకోండి. ఆ తర్వాత అమ్మాయి పెళ్లి, ఆపైన ఎండలు, వానలు. అసలు సంగతేమిటంటే, చూపు తిరిగొచ్చింది, నొప్పి లేదు, మళ్లీ కత్తి కింద పడుకోవడం ఎందుకని బద్ధకించాను. ప్రెషరు చూడటానికి మా ఊళ్లోనే కంటి డాక్టరు ఉన్నారు. ఐదు నిమిషాల పని. అదీ మానేశాను.

పదిహేను నెలలు గడిచాయి. దీపాల చుట్టూ మసక మొదలైంది. ఒకనాడు మా ఆవిడ చుక్కలమందు వేద్దామని పైరెప్ప ఎత్తి, "ఏమండీ, నల్లగుడ్డు పైఅంచున ఈ తెల్లదేమిటండీ, మీగడలాగా?" అంది. "పువ్వు వేసిందేమో" అన్నాను. పువ్వూ కాదు, మీగడా కాదు. అది నూనె.

హైదరాబాదులో డాక్టరుగారు చూసి, "మాష్టారూ, నూనె చిలికిపోయింది" అన్నారు.

చిలికిపోవడమేమిటని మీకు అనుమానం రావచ్చు. తలంటుకునేటప్పుడు కుంకుడు రసం తగలగానే నూనె ఏమవుతుంది? చిన్నచిన్న బిందువులుగా విడిపోయి తెల్లబడుతుంది కదా! కంట్లోనూ అంతే. రెప్పపాటు కూడా ఆగకుండా కన్ను కదులుతూనే ఉంటుంది. ఆ కుదుపుకి, రక్తంలోనుంచి, వాపులోనుంచి కంట్లోకి దిగే మాంసకృత్తులు కుంకుడు రసంలా తోడైతే, ఒకే ముద్దగా ఉండవలసిన నూనె నలుసులుగా విడిపోతుంది. పల్చటి నూనె త్వరగానూ, చిక్కటి నూనె ఆలస్యంగానూ చిలుకుతుంది. నూనె ఎన్నాళ్లుంటే ప్రమాదం అంత ఎక్కువ. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలినట్టే, నీటికన్న తేలికైన ఈ నలుసులూ కంటి ముందుగదిలో పైభాగానికి చేరతాయి. అందుకే రెప్ప ఎత్తేదాకా మాకు కనబడలేదు.

తెల్లగా కనబడితే వచ్చిన నష్టమేమిటంటారా? నష్టం కనబడనిచోట ఉంది. కంటిలో ఊరే నీరు బయటికి పోవడానికి నల్లగుడ్డు అంచున జల్లెడలాంటి దారి ఉంటుంది. నలుసులు దానిలో ఇరుక్కుంటే నీరు పోదు, ప్రెషరు పెరుగుతుంది. మామూలుగా 10 నుంచి 21 దాకా ఉండవలసింది నాకు 36 ఉంది. ఆ ఒత్తిడి కంటి నరాన్ని నలిపేస్తుంది. అదే నీటికాసుల జబ్బు. నొప్పి లేకుండానే జరిగిపోవచ్చు. చచ్చిన నరం మళ్లీ బతకదు.

ఆ వారమే నూనె తీసి, కన్ను కడిగారు. రెటీనా నిలిచింది. అది నా అదృష్టం. కాని ఎడమకన్ను మూసుకుంటే కుడికంటికి ముక్కువైపు చూపు లేదు. అది ఇక రాదు. ప్రెషరు చుక్కలు రోజూ, బతికినంత కాలం. ఈ తప్పు ఆస్పత్రిది కాదు, నూనెది కాదు, నాది.

అందుకని నాలుగు మాటలు చెబుతాను. గుర్తుంచుకోండి.

ఒకటి: నూనె ఎప్పుడు తీయాలో ఆపరేషన్ రోజే అడిగి, కాలెండరు మీద రాసి, ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. చాలామందికి మూడు నుంచి ఆరు నెలల మధ్య తీస్తారు. కొన్ని కళ్లలో నూనె తీస్తే పొర మళ్లీ ఊడే భయం ఉండి, డాక్టర్లే ఎక్కువ కాలం ఉంచుతారు. అలాంటప్పుడు తీసేయమని పట్టుబట్టకండి. కాని పరీక్షలు మాత్రం మానకండి.

రెండు: చూపు బాగుందని, నొప్పి లేదని ప్రెషరు పరీక్ష వాయిదా వేయకండి. దగ్గర్లోని కంటి డాక్టరు చాలు. చీటీ వెంట తీసుకెళ్లి, కంట్లో నూనె ఉందని ముందే చెప్పండి.

మూడు: ఆపరేషన్ తర్వాత ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. గడువు దాటాక మందుల షాపులో మళ్లీ కొని సొంతంగా వేసుకోకండి. అదీ ప్రెషరు పెంచగలదు.

నాలుగు: కన్ను ఎర్రబడినా, నొప్పి, వాంతి వచ్చినా, నల్లగుడ్డు మీద తెల్లగా కనబడినా, చూపు మసకేసినా ఆ రోజే వెళ్లండి. నూనె తీశాక కూడా మెరుపులు, కొత్త చుక్కలు, తెర కనబడితే ఆలస్యం చేయకండి. పొర మళ్లీ ఊడిందేమో చూడాలి.

రెండో ఆపరేషన్ అంటే మీకూ భయంగానే ఉంటుంది, నాకు తెలుసు. నేను భయపడింది దానికే. తీరా చూస్తే అది మొదటిదానికన్న సులువుగా గడిచింది. మీ చీటీ బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఈ పేజీ పక్కన పెట్టి, ముందు దాన్ని తీసి తారీఖు చూడండి.