బియ్యం డబ్బా లెక్కే బోటు బ్యాటరీకీ

ఇన్వర్టరు అనగానే మనకి గుర్తొచ్చేది కరెంటు పోయినప్పుడు ఫ్యానూ లైటూ నడిపే పెట్టె, దాని పక్కన ఓ బండ బ్యాటరీ. అవి రెండూ నడిసముద్రంలో ఉంటే ఎట్టా ఉంటుందో ఎప్పుడైనా అనుకున్నారా? మాది నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో జువ్వలదిన్నెకి దగ్గర ఊరు. మా ఆయనా, మా మరిదీ కలిసి ఫైబర్ బోటు నడుపుతారు. "ఆడవాళ్లకి బోటు బ్యాటరీతో ఏం పనమ్మా" అనకండి. డీజిలు, ఐసు, వల మరమ్మతు, కలాసీల బత్తా... ఈ లెక్కల పుస్తకం రాసేది నేనే.

మా బోటులో మొన్నమొన్నటి దాకా ఒకటే బ్యాటరీ. ఇంజను స్టార్టు చేసేది అదే, రాత్రంతా లైట్లకీ, వైర్‌లెస్సుకీ, జీపీఎస్‌కీ, అందరి ఫోన్లకీ అదే. 2025 జనవరిలో ఒక రాత్రి వల వేసి, ఇంజను ఆపి, లైట్లు వెలిగించుకుని కూర్చున్నారు. తెల్లవారుజామున తాళం తిప్పితే టిక్కుమంది గానీ ఇంజను తిరగలేదు. వైర్‌లెస్సులో అవతలి వాళ్ల మాట వినపడుతోంది, ఇటునుంచి మాట పోవడం లేదు. మాట పంపడానికి వినడం కంటే చాలా ఎక్కువ కరెంటు కావాలటండీ. ఆ సంగతి తర్వాత తెలిసింది. ఏడింటికి రావాల్సిన బోటుని మధ్యాహ్నం రెండింటికి వేరే బోటువాళ్లు తాడేసి లాక్కొచ్చారు. అంతసేపూ మా అత్తా, నేనూ, కడుపుతో ఉన్న మా తోడికోడలూ ఇసుకలోనే ఉన్నాం. ఆ ఏడు గంటల గురించి ఇంతకంటే రాయలేను.

మా తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. 2025లో ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 20,000 రూపాయల సాయం ఇచ్చింది. మా ఆయన కొత్త వల అన్నారు. నేను రెండో బ్యాటరీ అన్నాను. "వల ఉంటే చేపలొస్తాయి, బ్యాటరీతో ఏమొస్తుందే?" అన్నారు. "మీరొస్తారు" అన్నాను. ఇంక మాట్లాడలేదాయన. మా మరిది మాత్రం "వదినా, అట్టయితే ఇన్వర్టరు కూడా పెట్టిద్దాం, టీవీ చూడొచ్చు" అన్నాడు. వాడి సంగతి తర్వాత చెబుతాను.

కావలి వెళ్లి బ్యాటరీ కొనే ముందు నేను కాగితం మీద లెక్క వేశాను. ఇంటర్ చదివిన దానికి ఈ మాత్రం లెక్క వస్తుంది, మీకూ వస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ మీద 150 ఆంపియర్ అవర్లు అని రాసి ఉంటే, 12ని 150తో హెచ్చవేయండి, 1800. అంటే 1800 వాట్ అవర్ల సరుకు డబ్బాలో ఉన్నట్టు. కానీ ఈ రకం సీసం బ్యాటరీని సగం కిందికి మాటిమాటికీ దించితే తొందరగా పాడైపోతుంది. కాబట్టి అడుగు సగం లేనట్టే అనుకోవాలి. మన చేతిలో ఉన్నది 900. ఇక ఖర్చు చూడండి. పది వాట్ల ఎల్ఈడీ లైట్లు మూడు, 12 గంటలకి 360. వైర్‌లెస్సు వింటూ ఉంటే 72. చేపల్ని చూపించే జీపీఎస్ పెట్టె 144. ఐదు ఫోన్లకి 75. మొత్తం 651. ఒక రాత్రికి సరిపోయి కాస్త మిగులుతుంది. పగలు ఇంజను నడిచినప్పుడు ఆల్టర్నేటర్ మళ్లీ నింపుతుంది. పాత బల్బులైతే ఒక్కోటి 60 వాట్లు, సగం రాత్రికే డబ్బా ఖాళీ!

మెకానిక్‌తో ముందే గట్టిగా చెప్పాను. ఇంజను బ్యాటరీ వేరు, ఈ బ్యాటరీ వేరు. మధ్యలో స్విచ్చి ఉండాలి, లైట్లు ఇంజను వంతు కరెంటుని తాగకూడదు. తెరచాప పడవల్లో కూడా ఇట్టాగే చేస్తారట, రెండోదాన్ని హౌస్ బ్యాటరీ అంటారు, అంటే ఇంటి బ్యాటరీ. పేరు నాకెంత నచ్చిందో! 2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు నేవీ ఆడపిల్లలు భూమి చుట్టూ బయలుదేరి, 2018 మేలో తిరిగొచ్చారు గుర్తుందా? వాళ్లలో మన విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. తెరచాపకి గాలి చాలు. లైటుకీ, రేడియోకీ, దారి చూపే పెట్టెకీ గాలి చాలదు కదా.

ఇక టీవీ. ఇన్వర్టరు చేసేది 12 వోల్టుల్ని 230 చేయడం, ఆ మార్చడంలో కొంత కరెంటు వృథా అవుతుంది. అందుకే ఫోన్లకి ఇన్వర్టరు వద్దన్నాను. కార్లలో పెట్టే 12 వోల్టుల చార్జరు నేరుగా పెట్టించాం. ఎవరో 700 వాట్ల రైస్‌కుక్కర్ కూడా పెట్టుకోవచ్చన్నారు. బ్యాటరీ వైపు నుంచి అది 60 ఆంపియర్లకి పైగానే లాగుతుంది, వైరు బొటనవేలంత లేకపోతే మంటే! అన్నం గ్యాసు మీదే ఉడుకుతోంది. చివరికి 300 వాట్ల చిన్న ఇన్వర్టరు పెట్టించాం, గోడ ప్లగ్గుతో చార్జి చేసే ఎమర్జెన్సీ లైటు కోసం. బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు. మా మరిది మూడు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

బ్యాటరీని పడవ అడుగున పెట్టకండి. ఉప్పునీళ్లు యాసిడ్‌లో కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది, పీలిస్తే ప్రమాదం. పైన చెక్కపెట్టెలో, గాలి ఆడేట్టు, పడవ ఊగినా కదలకుండా కట్టించాం. టెర్మినళ్లకి వాజెలిన్ రాస్తాను. పోసేది డిస్టిల్డ్ వాటరే, బోరు నీళ్లు పనికిరావు. మీ ఇంటి ఇన్వర్టరుకీ ఇదే పద్ధతి. చిన్న మీటరు కొనుక్కోండి. కాసేపు వాడకుండా ఉంచి చూస్తే 12.7 దగ్గర నిండుగా ఉన్నట్టు, 12.2కి వచ్చిందంటే సగం అయిపోయినట్టు. మా కలాసీలు ఇప్పుడు రాత్రి పది దాటగానే మీటరు చూసి ఒక లైటు ఆపుతున్నారు.

2024 ఆగస్టులో కేంద్రం లక్ష పడవలకి ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ఫోను సిగ్నలు అందని చోట నుంచి కూడా ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపొచ్చు, తుఫాను హెచ్చరిక అందుకోవచ్చు. దానికీ కరెంటు కావాలి. నా కాగితంలో దానికో గీత ఖాళీగా ఉంచాను.

నిషేధం రోజుల్లో రెండు బ్యాటరీలూ ఇంటికొచ్చేస్తాయి. ఊరికే పడుంటే వాటంతట అవే దిగిపోతాయి కాబట్టి పదిహేను రోజులకోసారి చార్జి పెడతాను. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది. అందుకని వంటింట్లో కాదు, వరండాలో, మా మామ బీడీ కాల్చుకునే అరుగుకి అవతలి చివర.