ఐదు ప్రశ్నలు, మా అవ్వ

షుగర్ ఎంతుందో చెప్పడానికి వేలి చివర ఒక చుక్క రక్తం చాలు. మనసు ఎంత కుంగిందో చెప్పే చుక్క మాత్రం లేదు, నోరు తెరిచి అడగాల్సిందే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో డయాబెటిస్ ఉన్నవాళ్ళు 10 కోట్లకు పైనే. వీళ్ళలో డిప్రెషన్ వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే దాదాపు రెట్టింపని 42 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2001లోనే చెప్పింది. మనసు కుంగితే మాత్రలు మానేస్తారు, నడక మానేస్తారు. షుగర్ పెరుగుతుంది. దాంతో మనసు ఇంకా కుంగుతుంది. మన భాషలో చెప్పాలంటే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్. పేరులో పాజిటివ్ ఉందిగానీ అందులో మంచేమీ లేదు.

నేను చదివేది మదనపల్లెలో. మా అవ్వ ఉండేది పుంగనూరు దగ్గర పల్లెలో. ఇంటర్‌లో నాతో చదివిన స్నేహితురాలు ఇప్పుడు కుప్పంలో ఎంబీబీఎస్ చేస్తోంది. ఆమె ద్వారానే డబ్ల్యూహెచ్ఓ-5 అనే చిన్న ఫారం సంగతి తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో 1998లో వచ్చింది. ఉన్నవి ఐదే ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో సంతోషంగా ఉన్నారా, ప్రశాంతంగా ఉన్నారా, చురుగ్గా ఉన్నారా, పొద్దున లేస్తే హాయిగా అనిపించిందా, రోజులో ఆసక్తి కలిగించే పనులున్నాయా అని అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. మొత్తాన్ని 4తో గుణిస్తే వందకు లెక్క వస్తుంది. మామూలుగా 50, అంతకంటే తక్కువ వస్తే డాక్టరు ఇంకాస్త వివరంగా అడిగి చూడాలి. "దిగులుగా ఉందా?" అన్న ప్రశ్న ఇందులో ఎక్కడా లేదు. "నాకేమన్నా పిచ్చా?" అని ఎదురు తిరిగే మనూరివాళ్ళకు ఇది పెద్ద సౌకర్యం.

స్నేహితురాలు ఆ ఐదు ప్రశ్నలనూ అభ్యాసంగా తెలుగు చేసి పంపింది. సంక్రాంతి సెలవుల్లో అవ్వకు చదివి వినిపించాను. మొదటి ప్రశ్నలోనే "ఉల్లాసం" అని ఉంది.

"ఉల్లాసమంటే ఏంది నాయనా?"

"సంబరం అవ్వా."

"తాత పోయినంక నాకు సంబరమేందిరా? పండగా, పబ్బమా?"

అవ్వ దిగులుగా ఉండి ఆ మాట అనలేదు. మా ఊళ్ళో ఆ వయసు ఆడమనిషి "సంబరంగా ఉండా" అనడం మర్యాద కాదు, అంతే. "ప్రశాంతం" కూడా పుస్తకం మాటే. "నిమ్మళంగా ఉండావా?" అంటే వెంటనే చెప్పింది. "చురుకు" బదులు "ఉషారు" అంటే సరిపోయింది. "సగం కంటే ఎక్కువ రోజులు" అన్న లెక్క తేలలేదు. పోయిన సంతకు ముందు సంత నుంచి ఎన్ని రోజులని అడిగితే వేళ్ళు మడిచి చెప్పింది.

అనువాదం మదనపల్లెకు కొత్తేం కాదు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలోనే. గీతం అనువాదం బాగుందో లేదో చదివినవాళ్ళు చెప్పగలరు. ప్రశ్నాపత్రం సంగతి అలా కాదు. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. మూలం చూడని మరొకరు దాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పాలి. తేడాలు సరిచూడాలి. కొద్దిమంది రోగులకు చదివి, వాళ్ళకు ఏం అర్థమైందో కనుక్కోవాలి. అప్పుడు కూడా పని సగమే అయినట్టు. అదే మనుషులతో మానసిక వైద్యులు విడిగా మాట్లాడి, ఎవరికి డిప్రెషన్ ఉందో తేల్చాలి. ఆ ఫలితంతో ఫారం మార్కులు ఎంతవరకు కలుస్తాయో చూడాలి. ల్యాబ్‌లో థర్మోకపుల్‌ను ప్రామాణిక థర్మామీటర్ పక్కన పెట్టి కాలిబ్రేట్ చేస్తాం కదా, ఇదీ అలాంటిదే.

గీత ఎక్కడ గీయాలన్నది చివరి చిక్కు. ఊరికే ఒక ఉదాహరణ. 100 మంది షుగర్ రోగుల్లో 20 మందికి డిప్రెషన్ ఉందనుకోండి. ఫారం సెన్సిటివిటీ 90 శాతం, స్పెసిఫిసిటీ 70 శాతం అయితే 18 మందిని పట్టుకుంటుంది, ఇద్దరిని వదిలేస్తుంది. మిగతా 80 మందిలో 24 మందిని ఊరికే పిలిపిస్తుంది. గీత పైకి జరిపితే వదిలేసేవాళ్ళు తగ్గుతారు, ఊరికే వచ్చేవాళ్ళు పెరుగుతారు. ఈ బేరాన్ని చూపించే ఆర్ఓసీ కర్వ్ రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ల దగ్గర పుట్టింది. తెర మీది చుక్క విమానమా, పక్షుల గుంపా అని తేల్చడానికి.

ఇంతకీ అవ్వ మార్కులు: 2, 3, 3, 1, 2. మొత్తం 11, వందకు 44. గీతకు కిందే. నాలుగో ప్రశ్నకు 1 ఎందుకిచ్చావని అడిగాను. "రాత్రిళ్ళు మూడుసార్లు ఒంటికి లేస్తా నాయనా, ఇంక హాయేంది?" అంది. అది షుగర్ పని. నిద్ర పట్టి అక్కడ 4 వచ్చి ఉంటే మొత్తం 14, వందకు 56. గీత దాటేసేది. 44 కొలిచింది మనసునా, మూత్రాశయాన్నా? డయాబెటిస్ రోగుల కోసం, వాళ్ళ మాటల్లో, వాళ్ళ మీదే మళ్ళీ పరీక్షించాలనడం అందుకే. తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపించే కుప్పంలో ఆ పని ఇంకా కష్టమని స్నేహితురాలు అంటుంది.

అయితే ఐదో ప్రశ్నకు అవ్వ 2 ఎందుకిచ్చిందో షుగర్ ఒక్కటే చెప్పలేదు. ముగ్గు మానేసిందని, పక్కింటికి పోవడం తగ్గించిందని అప్పుడే తెలిసింది. నెల మాత్రలకు వెళ్ళినప్పుడు వెంట పోయి ఈ రెండూ డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నిద్ర గురించి, మనసు గురించి విడివిడిగా అడిగి, చీటీ మీద రెండూ రాసుకుంది. ఇన్నేళ్ళుగా ఆ చీటీ మీద షుగర్, బీపీ అంకెలు తప్ప ఇంకేమీ లేవు.

ఈసారి సెలవులకు ఊరికి పోతే ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళను "నిమ్మళంగా ఉండావా?" అని అడగండి. మార్కులేసి డాక్టర్లైపోకండి, విన్నది డాక్టరుకు చెప్పండి చాలు. బతకాలని లేదన్న మాట వినిపిస్తే మాత్రం ఆగొద్దు. టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.